ఒడి గిటారుకు కాళ్లెందుకు?

వెల్లకిలా పడుకోబెట్టి వాయించే గిటారు ల్యాప్ స్టీల్. ల్యాప్ అంటే ఒడి కాబట్టి అది ఉండాల్సిన చోటేదో పేరే చెబుతోంది. ఎడమ చేతిలోని నున్నటి స్టీలు కడ్డీ తీగల మీద జారుతుంటే కుడి చేయి మీటుతుంది. స్వరానికీ స్వరానికీ మధ్య మెట్లుండవు, నాదం తీగపాకంలా సాగుతుంది. మనవాళ్లు దాన్ని హవాయి గిటారు అన్నారు. పాత సినిమా పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య ఆ సాగుడు వినని తెలుగు చెవి అరుదు. అలాంటి వాయిద్యం అటక మీంచి దిగినప్పుడు ముందు తీగల సంగతి, తర్వాత తీగల మోతను విద్యుత్తుగా మార్చే పికప్ సంగతి చూస్తారు. అవి రెండూ బాగయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. కుర్చీలో కూర్చుంటే గిటారు తొడల మీద నిలవదు. మోకాళ్లు దగ్గరకు బిగించి నిలబెడితే అరగంటకే నడుము పట్టేస్తుంది. తేలికపాటి కాళ్లు తగిలిస్తే పోదా అన్న ఆలోచన అక్కడే పుడుతుంది. దానికి సమాధానాలు నాలుగు. ఒడి గిటారు ఒడిలోనే ఉండాలనేది ఒకటి. అడుగున ఫ్లాంజీలు, అంటే మరలున్న లోహపు బిళ్లలు, బిగించి వాటిలో కాళ్లు తిప్పేయమనేది రెండోది. కీబోర్డు స్టాండు కొని దాని మీద పెట్టుకోమనేది మూడోది. గిటారును ముట్టుకోకుండా, అది కూర్చునే పలక చేయించి ఆ పలకకే కాళ్లు పెట్టమనేది నాలుగోది. మొదటి మూడింటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది. అయినా వాయిద్యం పాతదైతే నాలుగోదే సరైన దారని నా వాదన.

తేలికపాటి అన్న మాటను ముందు తేల్చుకోవాలి. ఇంట్లో ఒక మూల కదలకుండా ఉండే గిటారుకు కాళ్లు ఎంత బరువున్నా నష్టం లేదు, బల్ల మీద పెట్టుకున్నా జరిగిపోతుంది. బరువు లెక్కంతా మోసుకెళ్లే మనిషిది. హైదరాబాదులో నాంపల్లి చుట్టుపక్కల వేదికలు తీసుకోండి: 1961లో మొదలైన రవీంద్రభారతి, పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణం, తెలుగు విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని ఎన్టీఆర్ కళామందిరం. ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిచి వెళ్లవచ్చు. కానీ గిటారు, యాంప్లిఫయరు, వైర్ల సంచీ పట్టుకుని నడవడం వేరు. 2018లో నాంపల్లికి మెట్రో వచ్చాక స్కూటరు మీద ఇరికించుకునే బాధ కొంత తగ్గినా, ఒక చేతిలో గిటారు, ఇంకో చేతిలో యాంప్లిఫయరు ఉన్నవాడికి మూడో చేయి లేదు. కాబట్టి కాళ్లు గిటారు పెట్టెలోనే ఇమడాలి, లేదా భుజానికి వేలాడే సంచీలో పట్టాలి. పైగా ఈ వేదికల మీద ఆసనాలు రెండు రకాలు. శాస్త్రీయ కచేరీ అయితే తివాచీ మీద బాసింపట్టు, లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా అయితే కుర్చీ. రేడియోకు ఈ గొడవ లేదు. 1933లో అబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో పుట్టి, 1935లో నిజాం సర్కారు చేతికి వెళ్లిన డెక్కన్ రేడియో రోజుల్లో వాయించేవాడు ఎలా కూర్చున్నా మైకుకు నాదమే చేరేది. జనం ఎదుట కూర్చోవాల్సి వచ్చినప్పుడే కాలి పొడవు ప్రశ్న అవుతుంది. దానికి మన దగ్గర ఒకటి కాదు, రెండు జవాబులు కావాలి.

అసలు స్టీల్ గిటారుకు కాళ్లు ఎందుకొచ్చాయో చూద్దాం. 1889 ప్రాంతంలో హవాయి దీవుల్లోని ఒవాహులో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు మామూలు గిటారును ఒళ్లో పడుకోబెట్టి, ఇనుప ముక్కను తీగల మీద జార్చి వాయించడం మొదలుపెట్టాడంటారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన ఆ మోజును అమెరికా అంతటా అంటించింది. అప్పటి గిటారు బోలుగా, వెడల్పుగా ఉండేది, రెండు తొడల మీదా ఒదిగి కూర్చునేది. 1932లో రికెన్‌బ్యాకర్ వారి పోత అల్యూమినియం విద్యుత్ గిటారు అమ్మకానికి వచ్చింది. ఆకారం చూసి జనం దానికి వేపుడు పెనం అని పేరు పెట్టారు. నాదం పికప్ నుంచి వస్తున్నప్పుడు బోలు పెట్టెతో పని లేదు, అందుకే గిటారు ఒళ్లు చిక్కిపోయింది. ఒడిలోంచి జారడం అక్కడే మొదలైంది. అయినా అప్పుడు కాళ్లు రాలేదు. ఒకే గిటారుకు రెండు మూడు మెడలు పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో శ్రుతిలో బిగించడం మొదలయ్యాక ఆ బరువు ఒడి మోయలేక కాళ్లు వచ్చాయి. 1953లో వచ్చిన ఫెండర్ స్ట్రింగ్‌మాస్టర్ నాలుగు కాళ్ల మీద నిలబడేది అందుకే. పెడళ్లున్న గిటార్లకైతే కాళ్లు తప్పనిసరి. కాలితో తొక్కేదాన్ని ఒళ్లో పెట్టుకోలేరు కదా. అంటే కాళ్లు వచ్చింది బరువు కోసం, పెడళ్ల కోసం. ఒకే మెడ, ఆరు తీగల చిన్న గిటారును తయారుచేసినవాళ్లు కాళ్ల ఊసే తలపెట్టకుండా దాని కర్రను కోశారు.

ఒడి గిటారు ఒడిలోనే ఉండాలనే పక్షానికి మన దేశంలో గట్టి సాక్ష్యమే ఉంది. హవాయి కళాకారుడు టావ్ మో 1940లలో కలకత్తాలో ఉండి నేర్పిన విద్య అక్కడ వేళ్లూనింది. రవీంద్ర సంగీతం నుంచి సినిమా పాటల దాకా ఆ గిటారు మీదకు వచ్చాయి. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాన్ని హిందుస్తానీ రాగానికి ఒప్పించాడు. 1994లో గ్రామీ అందుకున్న విశ్వమోహన్ భట్ తన మోహన వీణను తొడ మీదే పెట్టుకుని వాయిస్తాడు. వీళ్లెవరికీ కాళ్లు అవసరం పడలేదు. అయితే కాబ్రా, భట్ కూర్చున్నది నేల మీద. బాసింపట్టులో తొడలు బల్లపరుపుగా పరుచుకుంటాయి, గిటారుకు అదే పీట. కుర్చీలో తొడలు రెండు వేర్వేరు దుంగలు, ముందుకు వాలి ఉంటాయి. పైగా వాళ్లవి బోలు గిటార్లు. వెడల్పున్న బోలు గిటారు తొడ మీద నిలిచినట్టు చిక్కిన విద్యుత్ గిటారు నిలవదు. కాబట్టి ఈ సాక్ష్యం నేలకూ బోలు గిటారుకూ చెల్లుతుంది, కుర్చీకి చెల్లదు. మరో మాట కూడా ఉంది. జారుడు స్వరం మనకు హవాయి నుంచి వచ్చిన కొత్త కాదు. మన చిత్రవీణ, ఉత్తరాది విచిత్రవీణ ఎప్పటినుంచో మెట్లు లేకుండా పలుకుతున్నాయి. అవి ఒళ్లో కూర్చోలేదు. సొంత కుండ మీద, బుర్రల మీద నేలను ఆనుకునే ఉన్నాయి. వాయించేవాడి శరీరాన్ని వదిలి తన కాళ్ల మీద తాను నిలబడే వాయిద్యం మన సంప్రదాయానికి పరాయిది కాదు.

ఆధారం మారితే నాదం మారదా అన్నది ఇంకా బరువైన ప్రశ్న. మారుతుంది, దానికి మంచి ఉదాహరణ సంతూరు. కశ్మీరు సూఫియానా సంగీతంలో సంతూరును చెక్క స్టాండు మీద నిలిపి వాయించేవారు. శివకుమార్ శర్మ దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. స్టాండు మీద తీగల మోత ఎక్కువసేపు నిలిచి స్వరాలు ఒకదానిమీద ఒకటి పడేవి, ఒడి ఆ అదనపు మోతను మింగేసింది. 1967లో వచ్చిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’లో ఆయన సంతూరూ, కాబ్రా గిటారూ పక్కపక్కన వినిపిస్తాయి, రెండూ ఒడిలోవే. కాళ్లు వద్దనేవాళ్లకు ఇది బలమైన ఆధారంలా కనబడుతుంది కానీ తిప్పి చూస్తే మరోలా ఉంటుంది. సంతూరుకు మోత తగ్గడం కావాలి, స్టీల్ గిటారుకు నిలవడం కావాలి. కడ్డీ జారుతున్నంతసేపూ తీగ మోగుతుండకపోతే ఆ జారుడుకు అర్థమే లేదు. ఒడి మింగేది ఏదైనా ఉంటే అది ఈ గిటారుకు నష్టమే. గట్టి కర్రతో చేసిన విద్యుత్ గిటారులో ఆ తేడా చెవికి అందేది స్వల్పం. నాదాన్ని నిజంగా చెడగొట్టేవి వదులు కీళ్లు. బిగువు లేని స్క్రూ ఒకటి కొన్ని స్వరాల దగ్గర గిలకలా మోగుతుంది. కాళ్ల మీద అనుమానం ఉంటే అది కాళ్ల మీద కాదు, కీళ్ల మీద ఉండాలి.

ఇక ఎత్తు. ఇక్కడ ఒక్కో సెంటీమీటరూ లెక్కకొస్తుంది. మామూలు కుర్చీ సీటు నేల నుంచి 45 సెంటీమీటర్లు. దాని మీద తొడ మందం కలిపితే దాదాపు 60. భుజం ఎత్తకుండా, మణికట్టు వంచకుండా వాయించాలంటే తీగలు మోచేయి ఎత్తుకు అటూఇటూ ఉండాలి, అది ఇంచుమించు 67 లేదా 68. అంటే తొడకూ తీగలకూ మధ్య మనకు దొరికేది 7 లేదా 8 సెంటీమీటర్ల సందు. అందులో గిటారు మందమే నాలుగున్నర తినేస్తుంది. తొడ కదలడానికి ఒకటి వదిలితే, మోసే పలకకు మిగిలేది ఒకటిన్నర నుంచి రెండున్నర. పలక ఎంత పలచగా ఉండాలో ఈ లెక్కే చెబుతోంది. బోలు హవాయి గిటారు దాదాపు 10 సెంటీమీటర్ల లోతు ఉంటుంది. దాన్ని కుర్చీ ముందు కాళ్ల మీద నిలబెడితే తీగలు మోచేతిని దాటి పైకి పోతాయి, గంట గడిచేసరికి భుజాలు నొప్పి పుడతాయి. దానికి కాళ్లు పెట్టకపోవడమే మేలు, నేలా తొడా దానికి చాలు. నేల మీద కూర్చునేవాళ్లకు మోచేయి 20 నుంచి 23 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, ముడిచిన మోకాళ్లూ దాదాపు అంతే. గిటారును మోకాళ్ల పైన నిలిపే వీల్లేదు. వాటి ముందు, చిత్రవీణలా, తీగలు 18 సెంటీమీటర్ల దగ్గర ఉండేలా పెట్టాలి. దానికి జానెడు లోపు పొట్టి కాళ్లు సరిపోతాయి.

ఫ్లాంజీల దారికి వద్దాం. అది చవక, చకచకా అయిపోతుంది, పలక అక్కర్లేదు కాబట్టి ఎత్తు కూడా కలిసొస్తుంది. ఈ మంచి గుణాలన్నీ ఒప్పుకుని ఒక్క లెక్క వేయండి. కాలి పొడవు 60 సెంటీమీటర్లు, ఫ్లాంజి స్క్రూల మధ్య ఎడం 4. వేదిక చీకట్లో ఎవరి పాదమో కాలి కొసకు తగిలి 5 కిలోల బలం పడిందనుకుందాం. గడ్డపార కొసన నొక్కితే బండ లేచినట్టు, ఆ 5 కిలోలు పదిహేను రెట్లయి స్క్రూల మీద 75 కిలోల లాగుడు పడుతుంది. దాన్ని ఆపాల్సింది అరవై డెబ్బై ఏళ్లుగా ఎండిన కర్ర. హైదరాబాదు ఏప్రిల్ ఎండలకు ముడుచుకుని, జూలై తేమకు ఉబ్బే కర్రలో స్క్రూ పట్టు ఏటేటా సడలుతుంది. సడలినకొద్దీ ఇంకాస్త లావు స్క్రూ, ఇంకాస్త లోతు రంధ్రం. 1935 నుంచి వచ్చిన రికెన్‌బ్యాకర్ గిటార్లలో కొన్ని బేకలైటువి. అందులో డ్రిల్లు దిగితే రంధ్రంతో ఆగుతుందన్న భరోసా లేదు, పగులు ఎటైనా పాకవచ్చు. బోలు గిటారు వెనక పలక మందం మూడు మిల్లీమీటర్ల పాటిది. దానికి ఫ్లాంజి బిగించడమంటే పాడు చేయడమే.

దీని మీద రెండు అభ్యంతరాలు వస్తాయి, రెండూ తీసిపారేయదగ్గవి కావు. ఫెండర్ వాళ్లే ఫ్యాక్టరీలో ఫ్లాంజీలు బిగించి అమ్మారు కదా, మనం బిగిస్తే తప్పేమిటన్నది మొదటిది. వాళ్లు బిగించింది కాళ్ల కోసమే గీసిన, మందంగా వెడల్పుగా ఉన్న గట్టి కర్రకు. ఆ కర్ర రెండు మూడు మెడలను మోయడానికి పుట్టింది. ఒడి కోసం సన్నగా చెక్కి, పికప్ కోసం లోపల తొలిచిన చిన్న గిటారుకు అదే పని చేయడం, దూలం మోసే గోడకు వేసిన మేకును తడికకు వేయడం లాంటిది. అడుగున రంధ్రం ఎవరికీ కనపడదు, గిటారు నాది, మ్యూజియానిది కాదన్నది రెండోది. హక్కు సంగతి నిజమే. కానీ రంధ్రం పెట్టినవాడి అవసరం ఐదేళ్లదో పదేళ్లదో, రంధ్రం మాత్రం గిటారు ఉన్నంతకాలం ఉంటుంది. పాత వాయిద్యం విలువలో అమ్మకం ధర ఒక భాగమే. చేసిన చేతుల నిర్ణయాలు చెదరకుండా ఉండటం ఇంకో భాగం. రంధ్రం లేకుండా అదే సుఖం దొరికే దారి ఉన్నప్పుడు హక్కు వాడుకోవాల్సిన అవసరమే రాదు.

కీబోర్డు స్టాండు ఆ దారి కాగలదా? రంధ్రం అక్కర్లేదన్న ఒక్క గుణం దానికుంది. కానీ కత్తెరలా పరుచుకునే ఆ కాళ్లు సరిగ్గా మోకాళ్లు ఉండాల్సిన చోటికే వస్తాయి. గిటారు దాని పైచేతుల మీద పొడుగ్గా, సన్నగా, రెండు చోట్ల ఆనుకుని ఊగుతుంది. మామూలుగా ఆ స్టాండు గిటారు కంటే బరువైనది కూడా. తేలిక కోసం బయల్దేరి వాయిద్యాన్ని మించిన బరువు మోసుకొస్తే మొదటికే మోసం. ఇంట్లో సాధనకు మాత్రం అది పనికొస్తుంది, ఆ మేరకు దాన్ని కాదనక్కర్లేదు.

మిగిలింది పలక. అబిడ్స్ నుంచి కోఠీ వైపు నడిస్తే ట్రూప్ బజార్‌లో ఇంటి సామాన్లూ, పైపులూ, ఫిట్టింగులూ అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి. ఈ పనికి కావాల్సిన సామానంతా ఆ తరహాదే. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను 75 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పున కోస్తే బరువు 650 గ్రాముల చుట్టుపక్కల. కాళ్లకు ఇక్కడి కొలతలో ఆరు సూతుల, అంటే ముప్పావు ఇంచి, పదహారు గేజి అల్యూమినియం పైపు తీసుకుంటే 70 సెంటీమీటర్ల ముక్క 170 గ్రాములు తూగుతుంది. అదే కొలత ఇనుప పైపు ముక్క దాదాపు 490. నాలుగు ఇనుప కాళ్లు దాదాపు రెండు కిలోలవుతాయి, అంటే చిన్న ల్యాప్ స్టీల్‌కు దగ్గరి బరువు. మూడు అల్యూమినియం కాళ్లు అర కిలో. పలక, కాళ్లు, బోల్టులు అన్నీ కలిపి కిలోన్నర దాటవు. కర్ర ఇష్టపడేవాళ్లకు ఇంచి మందం గుండ్రటి టేకు కాలు 230 గ్రాములుంటుంది. వంగకుండా నిలబడటంలో ఆ పైపుకు ఇంచుమించు సమానం, చూడటానికి పాత గిటారుకు ఇంకా నప్పుతుంది. తేలిక అనగానే సన్నటి కడ్డీ ఎంచుకోవడం పొరపాటు. లోహం అంతే ఉన్నా, పైపు లావయ్యేకొద్దీ బిగువు చాలా వేగంగా పెరుగుతుంది. సన్నటి గట్టి కడ్డీ కంటే లావుపాటి బోలు పైపే మేలు.

మూడు కాళ్లా, నాలుగా? షాబాదు బండల గచ్చు మీదైనా, అతుకుల వేదిక మీదైనా నాలుగు కాళ్లలో ఒకటి గాల్లో తేలుతుంది, మూడు ఎప్పుడూ ఆనుకుంటాయి. కుడి చేయి బ్రిడ్జి దగ్గర ఆనుతుంది కాబట్టి రెండు కాళ్లు అటు, శ్రుతి బిరడాల వైపు కొసకు దగ్గరగా ఒకటి. నిలువుకు పది డిగ్రీలు బయటకు వాలిస్తే 60 సెంటీమీటర్ల కాలు కొస పది సెంటీమీటర్లకు పైగా బయటకు జరుగుతుంది, 12 సెంటీమీటర్ల పలక కింద పాదాల ఎడం 30 దాటుతుంది. ఇక మన సంగీతానికే ప్రత్యేకమైన అవసరం ఒకటుంది. పాశ్చాత్య పాటలో కడ్డీ స్వరం చేరాక సన్నగా వణుకుతుంది. మన గమకంలో అది తీగ పొడవునా ఊగుతుంది. ఆ తోపుడు గిటారును అడ్డంగా కాదు, పొడవునా కదుపుతుంది. కాళ్లు ఎంత వాలినా కీలు దగ్గర పిసరంత ఆట ఉంటే పలక మొత్తం ముందుకూ వెనక్కీ ఊగి శ్రుతిని వణికిస్తుంది. అందుకని ఎడమ కొసనున్న ఒంటికాలి నుంచి పలక మధ్యకు అల్యూమినియం పట్టీ ఒకటి ఏటవాలుగా, వింగ్ నట్లతో తగిలించాలి. నాలుగో కాలి బరువులో సగం లేకుండానే అది నాలుగో కాలి కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇన్ని చెప్పినా పలక మీద ఫిర్యాదులు మిగులుతాయి. అది గిటారు కింద పీటలా కనబడుతుందని ఒకటి. వాయిద్యం అంచుల గీతకు లోపలగా కోసి నల్ల రంగు వేస్తే ఎదుటివాడికి పలక కనబడదు. గిటారు దాని మీంచి జారదా అని ఇంకొకటి. రెండు నూలు పట్టీలు చాలు. ఇక్కడే జాగ్రత్త పడాలి. పట్టు కోసం రబ్బరు షీటో రెక్సినో అతికించాలనిపిస్తుంది. 1950ల నాటి గిటార్ల మీద ఎక్కువగా ఉండే నైట్రోసెల్యులోజ్ లక్కర్‌తో అవి రసాయనికంగా కలబడి పూతను మెత్తబరుస్తాయి, మచ్చ పోదు. ఉన్ని ఫెల్టు గానీ మందపాటి నూలు గుడ్డ గానీ వాడాలి. పలక వల్ల ఖర్చూ పనీ ఎక్కువన్నది మూడో ఫిర్యాదు. అది నిజమే, ఫ్లాంజీలు అరగంట పని, ఇది రెండు రోజుల పని. కానీ పొట్టి కాళ్లు ఇంకో మూడు చేయించుకుంటే అదే పలక కుర్చీకీ తివాచీకీ పనికొస్తుంది. ఫ్లాంజీలతోనూ కాళ్లు మార్చవచ్చు గానీ మార్చిన ప్రతిసారీ బిగింపుల భారం పాత కర్ర మీదే పడుతుంది.

పలక పద్ధతిలో మరో లాభం పని మొదలుపెట్టే రోజునే తెలుస్తుంది. లేత్ పనివాడికీ వడ్రంగికీ కావాల్సినవి గిటారు అంచుల గీత, దాని మందం, కూర్చున్న మనిషి తొడ ఎత్తు, మోచేయి ఎత్తు. ఒక పాత న్యూస్‌పేపర్ మీద గిటారును పడుకోబెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి, పక్కన ఆ మూడు అంకెలు రాసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని ట్రూప్ బజార్‌కు బయల్దేరవచ్చు. గిటారు ఇంట్లో తన పెట్టెలోనే ఉంటుంది.